బుల్లియ్య ఇనప మంచం

“ఎక్కించండి మాస్టారూ, భయపడకండి. మొన్న ఒరిగింది పవర్ టిల్లరండి, మోటారు సైకిలు కాదు. అదీ పడలేదు. ఒరిగిందంతే. ఊళ్ళో వాళ్ళు పడిందని చెప్పుకుంటున్నారు. పడ్డానికీ ఒరగడానికీ తేడా ఉందా లేదా, పిల్లలకి పాఠాలు చెప్పేవారు కదా, మీరే చెప్పండి.”

బుల్లియ్య ఈ మాట అంటూనే నా రాజ్‌దూత్ హ్యాండిల్‌ను ఒక పక్కన పట్టుకున్నాడు. రెండో పక్క నేను పట్టుకున్నాను. ఏటవాలుగా వేసిన చెక్క మీదుగా ముందు చక్రం ఇనప బల్ల మీదికి ఎక్కింది. వెనక చక్రం కూడా ఎక్కాక బండిని రెండు తాళ్ళతో అటూ ఇటూ కట్టాడు. తర్వాత గొలుసు అందుకుని కిందికి లాగడం మొదలుపెట్టాడు. కప్పీ గరగరమంది. నా బండి నాలుగు అంగుళాలు ముందుకు జరిగింది, నాలుగు అంగుళాలు పైకి లేచింది. అలా జరుగుతూ లేస్తూ బుల్లియ్య నడుము దాకా వచ్చి ఆగింది. బల్ల కాళ్ళ పక్కనున్న బెజ్జంలో ఒక లావుపాటి ఇనప కడ్డీ దూర్చి, గొలుసు వదిలేశాడు.

“ఇంక అది నేను దిగమంటేనే దిగుతుందండి” అన్నాడు.

నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే దారిలో కాలవ గట్టుని ఆనుకుని ఉంటుంది బుల్లియ్య షెడ్డు. నేను పాఠాలు చెప్పే బడి అక్కడికి మూడు మైళ్ళు, చేపల చెరువులు దాటాక. పన్నెండేళ్ళుగా ఆ దారిన పోతున్నాను. ఆ పన్నెండేళ్ళలోనూ బుల్లియ్య అంటే నాకు తెలిసింది అతని నడినెత్తే. ఎప్పుడు వచ్చినా ఏదో ఒక బండి పక్కన గొంతుక్కూర్చుని ఉండేవాడు. తలెత్తకుండానే “రండి మాస్టారూ” అనేవాడు, బండి చప్పుడు పోల్చుకుని. ఇవాళ అతను నిలబడి పని చేస్తుంటే, మొహం నా మొహానికి ఎదురుగా ఉంటే, కొత్త మనిషితో మాట్లాడుతున్నట్టు అనిపించింది.

“ముప్పై ఏళ్ళు గొంతుక్కూర్చున్నానండి” అన్నాడు, క్లచ్ కవరు బోల్టులు విప్పుతూ. “మా నాన్న వేటకి తీసికెళ్ళేవాడు. నాకు సముద్రం పడలేదు. గోదారి మొగ దాటి సముద్రంలోకి వెళ్తే చాలు, కడుపులో ఉన్నదంతా చేపలకే. బోటుకి ఇంజను బిగించిన రోజు మాత్రం వాంతి రాలేదు. దాని వంకే చూస్తా కూర్చున్నాను. మా నాన్నకి అర్థమైపోయింది. వీడు చేపలు పట్టేవాడు కాదు, వీణ్ణి ఒడ్డున కూర్చోబెట్టండి అన్నాడు. అలా కూర్చున్నవాణ్ణి మరి లేవలేదండి. మోకాళ్ళు లేవమన్నప్పుడు లేచేను.”

పోయిన పుష్యమాసంలో ఒకరోజు స్కూటరు పక్కన కూర్చున్నవాడు లేవలేకపోయాడు. భీమవరం డాక్టరు గారు ఫొటో తీయించి, రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయిందన్నారు. నిలబడొచ్చు, నడవొచ్చు, కుర్చీలో కూర్చోవచ్చు. గొంతుక్కూర్చోవడం మాత్రం ఈ జన్మకి లేదన్నారు.

గొంతుక్కూర్చోకుండా మెకానిక్ పని ఎలా చేస్తారో బుల్లియ్యకి తెలియదు. అతని భార్య నూకరత్నానికి మాత్రం ఏం చెయ్యాలో వెంటనే తెలిసింది. చెరువుల ఆసామి చంద్రరావు గారు కాపలాకి మనిషి కావాలన్నారు. పాక ఉంది, కుర్చీ ఉంది, టార్చిలైటు ఇస్తారు. నూకరత్నం వెళ్ళి మాట్లాడి వచ్చింది. కాలవలకి నీళ్ళు వదిలాక చెరువు నింపి చేప పిల్ల వేస్తాం, ఆ లోపు మాట చెప్పమన్నారట ఆయన.

“కాపలా తప్పు పని కాదండి” అన్నాడు బుల్లియ్య. “కాకపోతే నీళ్ళ వంక చూస్తా కూర్చోవాలి. నీళ్ళు చూస్తే నాకు చిన్నప్పట్నుంచీ కడుపులో తిప్పుతాదని చెప్పేను కదండీ.”

ఇన్నేళ్ళూ గట్టు మీద కూర్చుని కాలవ చూస్తుంటే మాత్రం అతని కడుపు తిప్పినట్టు ఎవరూ వినలేదు.

మంచం ఆలోచన మంచం మీదే వచ్చిందట. నెలరోజులు మడత మంచం మీద పడుకుని ఉన్నాడు. రోజూ పొద్దున్నే నూకరత్నం అతన్ని లేపి మంచం మడిచేది, మధ్యాహ్నం మళ్ళీ వేసేది. కాళ్ళు వాలిస్తే మంచం నేలకి అంటుకుంటుంది, కాళ్ళు నిలబెడితే లేస్తుంది. బండిని ఆ మంచం మీద పడుకోబెట్టి కాళ్ళు నిలబెడితే తను వంగక్కర్లేదు కదా అనుకున్నాడు. పాడుబడ్డ రైసు మిల్లు ఇనుము అమ్ముతుంటే వెళ్ళి యాంగులర్లు, గళ్ళ రేకు, మిల్లులో బరువులెత్తే చైను కప్పీ తెచ్చుకున్నాడు. కింద ఒక చట్రం, పైన ఏడడుగుల బల్ల, మధ్యలో నాలుగు కాళ్ళు. కాళ్ళకి పైనా కిందా బోల్టులు, తిరిగేటట్టు. చట్రం ముందు కొసకి కప్పీ. బల్లని ముందుకి లాగితే కాళ్ళన్నీ ఒక్కసారే లేచి నిలబడాలి.

“నిలబడ్డాయా?” అన్నాను.

“ఎక్కడండీ. బల్ల నేలకి అంటుకుని ఉంటే బండి ఎక్కించడం సులువని కాళ్ళు బొత్తిగా పడుకోబెట్టేశాను. లాగితే గొలుసు బిగిసింది, బోల్టులు మూలిగాయి, అది మాత్రం కదల్లేదు. రెండు రోజులు లాగేను. మా ఆవిడ చేపల తట్ట దింపుకుని చూస్తా నిలబడింది. ఏం అందనుకున్నారు?”

ఏమందో నూకరత్నమే చెప్పింది. అప్పుడే మార్కెట్ నుంచి వస్తూ ఖాళీ తట్ట చూరు కింద పెట్టింది.

“ఏమంటానండీ మాస్టారండీ. నిన్ను నేల మీంచి లేపేటప్పుడు నేను కాళ్ళు పట్టుకు లాగుతున్నానా అన్నాను. ముందు అడుగున పీట తోసి, దాని మీద కూర్చోబెట్టి, అప్పుడు కదా లేపేది. దానికీ ఓ పీట వెయ్యమన్నాను. కాళ్ళ నొప్పుల మనిషి చేసిన మంచానికి కాళ్ళ నొప్పులుండవా?”

“వేసేను” అన్నాడు బుల్లియ్య. చట్రం మీద నాలుగు చోట్ల జానెడు ఎత్తు ఇనప ముక్కలు అతికించి ఉన్నాయి. బల్ల ఎంత దింపినా వాటి మీద ఆగుతుంది, కాళ్ళు కాస్త ఏటవాలుగానే ఉంటాయి. ఆ కాస్త ఏటవాలు ఉంటే చాలు, లాగితే లేస్తాయి. షెడ్డులో వాటిని ఇప్పటికీ పీటలనే అంటారు.

వైశాఖం చివర మంచం లేచింది. ముందు సైకిలు, తర్వాత మోపెడ్, తర్వాత బుల్లెట్. ఊరంతా వచ్చి చూసిపోయారు. బుల్లియ్య ఇనప మంచం అన్న పేరు అప్పుడే పడింది. నూకరత్నం మాత్రం నమ్మలేదు. కాలవలు వదిలేదాకా చూద్దాం అంది. అది చంద్రరావు గారి గడువు గురించి అన్నమాట. కానీ జరిగింది ఇంకోలా.

మంచం చేసినన్నాళ్ళూ కాలవలు కట్టేసి ఉన్నాయి. షెడ్డులో నల్లరేగడి నేల రాయిలా ఎండి, పర్రెలు తీసి ఉంది. జ్యేష్ఠంలో కాలవలు వదిలారు. పది రోజులకి గట్టు చెమ్మ తాగింది. పైకి నేల మామూలుగానే ఉంది. అదే సమయానికి పొలాల్లో నాట్లకి ముందు దమ్ములు మొదలయ్యాయి. సత్యప్రసాద్ గారు తన పవర్ టిల్లర్ తెచ్చారు, గేరుపెట్టె దగ్గర ఆయిలు కారుతోందని. ఆయనది పన్నెండెకరాల వ్యవసాయం, మాట కొంచెం పదును.

“ఎక్కించేను. ఎత్తేను. కడ్డీ దూర్చేను” అన్నాడు బుల్లియ్య. “పానా తీసుకుందామని ఇటు తిరిగేనండి. వెనక నించి ఆయన, ‘బుల్లియ్యా, నా టిల్లర్ పంటు ఎక్కినట్టుందేంటయ్యా’ అన్నారు. తిరిగి చూస్తే కాలవ పక్క రెండు కాళ్ళూ చట్రంతో సహా మెల్లిగా దిగిపోతున్నాయి. రేవులో జనాన్నీ బళ్ళనీ దాటించే పంటు ఒరిగినట్టే ఒరిగింది. ఆయనా నేనూ రెండో పక్కన వేలాడేం. ఇంచీ ఇంచీ దింపేం. ఎవరికీ ఏమీ అవ్వలేదు, టిల్లరుకీ ఏమీ అవ్వలేదు. ఆయన ఒక్క మాటన్నారు. ‘మంచం మీద పడుకోబెట్టింది చాలు గానీ, నేల మీద పెట్టి చెయ్యి’ అన్నారు. నేల మీద నేను చెయ్యలేనండి. ఆ మాట ఆయనకి చెప్పలేక, సామాను లేదు, తెప్పించాలన్నాను.”

ఆ రోజు సాయంత్రం నూకరత్నం మడత మంచం మళ్ళీ తీసి వేసిందట. అదే అతనికి కష్టమనిపించింది.

“ఎక్కడ తప్పేనో తెలుసాండీ?” క్లచ్ ప్లేట్లు గుడ్డతో తుడుస్తూ అడిగాడు. “మా ఇల్లు కట్టినప్పుడు నేనే దగ్గరుండి నిలువెత్తు గోతులు తీయించేను. ఇసక పోయించి, నీళ్ళు పెట్టి, కుదేసి, ఆపైన గోడ లేపించేను. ఈ నేల సంగతి ఇక్కడ పుట్టినోడికి ఎవరికి తెలీదండి. వేసవిలో రాయి, వానాకాలం హల్వా. మరి దీనికెందుకు ఇసక పొయ్యలేదు? మంచం అన్నారు. నేనూ మంచం అన్నాను. మంచానికి పునాది ఎవరు తీస్తారండీ? వేసుకుని పడుకుంటాం. అదీ జరిగింది. ఇల్లు అనుంటే ఇసక పోద్దును.”

ఆ మర్నాడే మొదలుపెట్టాడు. చట్రం పక్కకి జరిపించి, నాలుగు మూలలా మూడేసి అడుగుల గోతులు తవ్వించాడు. ఊరిన నీళ్ళు తోడించి, గోదారి ఇసక పోయించి, నీళ్ళు పోస్తూ దిమ్మిసతో కుదేయించాడు. పైన సిమెంటు దిమ్మలు పోశాడు. దిమ్మలు ఆరాయి, మంచం వాటి మీదికెక్కింది. అయితే దాని మీదికెక్కే బళ్ళే రాలేదు. ఒరిగిన సంగతి ఊరంతా తెలిసిపోయింది. పది రోజుల్లో మొదటి బండి నాదే.

“మీ బండి తేలికండి. దీన్నెత్తినంత మాత్రాన దిమ్మలు నిలుస్తాయని చెప్పలేను” అన్నాడు, కవరు మళ్ళీ బిగిస్తూ. “రేపు చెరువులో పిల్ల దింపుతున్నారు. సాయంత్రంలోగా మాట చెప్పమని చంద్రరావు గారు కబురెట్టేరు.”

“క్యారేజీ రేపట్నించి ఎక్కడికి తేవాలో నాకూ చెప్పాలి” అంది నూకరత్నం. “చెరువు కాడికా, ఇక్కడికా? రెండు చోట్లకి తిరగడానికి నా మోకాళ్ళు కూడా ఇనప్పెట్టెలో దాచినవి కావు.”

నా బండి దించుతుండగానే రోడ్డు మీద టిల్లర్ చప్పుడు వినిపించింది. సత్యప్రసాద్ గారు తనే నడుపుకుంటూ వస్తున్నారు. మోకాళ్ళ దాకా దమ్ము బురద.

“సామాను వచ్చిందా?” అన్నారు, ఇంజను ఆపి.

“వచ్చిందండి.”

“ఇంకో చోటికి తీసికెళ్ళాను. అక్కడివాడు ఇప్పితే మళ్ళీ బిగించడం రాదన్నాడు. పొద్దున్నించీ ఇంకా ఎక్కువ కారుతోంది. కింద పెట్టి చేసెయ్యి.”

బుల్లియ్య టిల్లర్ వంక చూశాడు, నేల వంక చూశాడు.

“కింద పెట్టి చెయ్యలేనండి” అన్నాడు. “అప్పుడు సామాను లేదన్నది అబద్ధం అండి. నేను గొంతుక్కూర్చోలేను. ఈ మంచం మీదైతే చేస్తాను. లేదంటే నాకు ఈ పని లేదండి.”

సత్యప్రసాద్ గారు దిమ్మల దగ్గరికి వెళ్ళి మడమతో ఒకటి తన్ని చూశారు. “కింద ఏం పోశావు?” అన్నారు.

“ఇసకండి. మూడడుగులు.”

“మొదట బుద్ధెక్కడికి పోయింది?”

“మంచం అనుకున్నానండి.”

ఆయన నవ్వలేదు గానీ మీసం కదిలింది. “సరే, ఎక్కించు” అన్నారు.

ముగ్గురం కలిసి ఎక్కించాం. నూకరత్నం ఫ్లాస్కులోంచి అందరికీ టీ పోసింది. సత్యప్రసాద్ గారు తన గ్లాసు తాగలేదు. నిండుగా ఉన్నదాన్ని అలాగే తీసికెళ్ళి కాలవ పక్కన బల్ల మూల మీద పెట్టారు. బుల్లియ్య గొలుసు అందుకున్నాడు. గరగరమంటూ టిల్లర్ లేచింది, దానితో గ్లాసూ లేచింది. మొదటి కుదుపుకి అంచు మీంచి ఒక చుక్క జారింది, తర్వాత లేదు. కడ్డీ దూర్చాక బుల్లియ్య గేరుపెట్టె విప్పడం మొదలుపెట్టాడు. ఈసారి వెనక్కి తిరగాల్సి వచ్చినప్పుడు తిరిగాడు గానీ, ముందు ఒకసారి మూల వంక చూశాడు.

గంటంపావు పట్టింది. నేను బడికి సెలవు పెట్టిన రోజు కాబట్టి కూర్చున్నాను. సత్యప్రసాద్ గారు బోర్లించిన ఆయిలు డబ్బా మీద టీ గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నారు. టీ చల్లారింది, మీద మీగడ కట్టింది. ఆ మీగడ ఏ పక్కకీ జరగలేదు. బుల్లియ్య కొత్త సీలు వేసి, ఆయిలు పోసి, చెయ్యి తుడుచుకున్నాక, ఆయన లేచి గ్లాసు తీసుకుని చల్లటి టీని ఒక్క గుక్కలో తాగేశారు.

“మా తమ్ముడి టిల్లర్ కూడా కారుతోంది. రేపు పంపిస్తాను. నువ్వుంటావు కదా?” అన్నారు.

బుల్లియ్య నూకరత్నం వంక చూశాడు. ఆమె ఖాళీ గ్లాసులు తట్టలో పెట్టుకుంటోంది.

“క్యారేజీ ఇక్కడికే తెస్తాను” అంది, తలెత్తకుండా. “ఈ చూరు కింద ఓ కుర్చీ వేయించు. మంచానికి పీటలున్నాయి, నాకు కూర్చునే చోటు లేదు.”

టిల్లర్ వెళ్ళిపోయింది. నేను రాజ్‌దూత్ ఎక్కి కిక్కు కొట్టబోతుంటే బుల్లియ్య దగ్గరికి వచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

“మాస్టారూ, మీకు సెలవే గానీ, ఒక్కసారి చెరువుల దాకా వెళ్ళొస్తారా? చంద్రరావు గారు గట్టు మీదే ఉంటారు. నేను వెళ్తే మొహమాటపడి ఒప్పేసుకుంటానండి, నాకు తెలుసు. కాపలాకి ఇంకో మనిషిని చూసుకోమని, బుల్లియ్య ఏమీ అనుకోవద్దన్నాడని, మీ నోటితో చెప్పండి. అలాగే ఆయన బుల్లెట్‌కి సైలెన్సర్ మోగుతోంది. అది కూడా ఓసారి పంపమనండి.”