లేత వేళ్ళకు పోసిన కషాయం

మా పిన్ని ఉల్లిపాయలు కొనే తీరు చూస్తే కొట్టువాడికి ఒళ్ళు మండుతుంది. గంప ముందు గొంతుకూర్చుని ఒక్కొక్కటీ అరచేతిలో ఆడించి, ఒకే సైజువి నలభై ఏరుతుంది. అడుగున ఉండే ఎండు వేళ్ళ కుచ్చును కూడా వేలితో తడిమి చూస్తుంది. అలా ఏరినవి వంటింటికి రావు. ఇరవై రెండేళ్ళుగా అవి కాలేజీ ల్యాబ్‌కే పోతున్నాయి. "అందరిళ్ళలో ఉల్లిపాయలు మనుషుల్ని ఏడిపిస్తాయి. మా ఇంట్లో ఈవిణ్ణి చూసి ఉల్లిపాయలే ఏడుస్తాయి," అంటాడు బాబాయి. ఈ మాట ఏడాదికి పదిసార్లయినా అంటాడు, మేం పదిసార్లూ నవ్వుతాం.

పిన్ని అక్కడ ల్యాబ్ అసిస్టెంటు. పరిశోధన అక్కడి లెక్చరరు మేడంది, అచ్చయ్యే పేరూ మేడందే. చేతులు మాత్రం పిన్నివి.

ఆ మధ్య మేడం ఒక చెట్టు బెరడు మీద పని మొదలుపెట్టింది. నొప్పులకి మంచిదని చాలామంది కాచుకుని తాగే బెరడు అది. దాని కషాయం మొక్కల కణాలకి విషమవుతుందా, అయితే ఎంత చిక్కబడ్డాక అవుతుంది అన్నది ప్రశ్న. ఇలాంటివి ముందు ఉల్లిపాయ మీద చూస్తారట. పిన్ని ఎండు పొర ఒలిచి, పాత వేళ్ళను బ్లేడుతో గీకేసి, ఉల్లిపాయను చిన్న గాజు గ్లాసు మూతి మీద కూర్చోబెడుతుంది. అడుగు మాత్రమే తడవాలి. ఒక వరసకి ఉత్త నీళ్ళు, తక్కిన వరసలకి పలచగా, చిక్కగా, ఇంకా చిక్కగా కషాయం. మూడో రోజు పొద్దున్నే కొత్త వేళ్ళు కొలిచి, కొసలు కత్తిరించి, రంగు పట్టించి, గాజు పలక మీద బొటనవేలితో నొక్కి మైక్రోస్కోపు కింద పెడుతుంది. వెయ్యి కణాల్లో ఎన్ని ఒకటి రెండుగా విడిపోతున్నాయో లెక్కపెట్టాలి. కణం విడిపోతేనే వేరు పెరుగుతుంది.

ఏ గ్లాసులో ఏముందో లెక్కపెట్టే మనిషికి తెలియకూడదు. చీటీలు వేరేవాళ్ళు అంటించాలి. తెలిస్తే కన్ను అబద్ధమాడుతుందని పిన్ని నమ్మకం. ఈ అలవాటు ఇంటిదాకా వచ్చింది. కొత్త సబ్బుపొడి కొంటే ఒక దిండు గలీబు పాత పొడితో ఉతికి పక్కన ఆరేస్తుంది, పోల్చుకోవడానికి ఒకటుండాలని. ఇదేం చాదస్తం అని నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాననుకోండి, అది వేరే సంగతి.

బెరడు లెక్క తేలింది. కషాయం చిక్కబడేకొద్దీ వేళ్ళు పొట్టివయ్యాయి. అన్నిటికన్నా చిక్కనిదాంట్లో బియ్యపుగింజంత వచ్చి ఆగిపోయాయి, కొసలు గోధుమరంగుకి తిరిగాయి. ఇది ఉల్లిపాయ సంగతే గాని మనిషి సంగతి కాదని మేడం మరీ మరీ చెప్పింది. పిన్ని తలూపింది గాని ఆమె గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే అదే బెరడు మా ఇంట్లో రోజూ కాగుతుంది. మా అమ్మమ్మ, అంటే పిన్ని తల్లి, మోకాళ్ళ నొప్పులకి యాభై ఏళ్ళుగా పొద్దున్నే ఒక గ్లాసు తాగుతుంది. నొప్పి అన్న ప్రతివాళ్ళకీ పోస్తుంది. అయిదో నెల గర్భంతో ఉన్న మా అక్క నెల రోజులు ఉందామని అప్పుడే వచ్చింది. వచ్చిన మర్నాడే నడుం లాగేస్తోందంది. ఇంకేముంది, అమ్మమ్మ పెద్ద గిన్నె దింపింది.

పిన్ని అడ్డుపడింది. డాక్టరుకి ఫోన్ చేయించింది. ఆ బెరడు గురించి తనకి తెలీదనీ, తాగకపోతేనే మంచిదనీ ఆయన అన్నాడు. తెలీదని ఆయనే ఒప్పుకున్నాడుగా, తెలిసినదాన్ని నేను చెబుతున్నానంది అమ్మమ్మ.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేను తాగలేదా? నీకేమైందే?"

"ఏమీ కాలేదని ఎలా తెలుస్తుందమ్మా? నువ్వు తాగకుండా పుట్టిన ఇంకో నన్ను చూపించు, పోల్చుకుందాం."

అమ్మమ్మ మూతి ముడుచుకుంది. చివరికి తనే పందెం వేసింది. తన కషాయం పిన్ని ఉల్లిపాయలకి పోయాలి. వాటి వేళ్ళు చక్కగా పెరిగితే అక్క తాగుతుంది. పెరగకపోతే తను మళ్ళీ ఆ మాటెత్తదు. ఇంటి గిన్నెలో కాగినది ఎంత ఘాటుగా ఉంటుందో చూడాలని పిన్నికి ఒకటే ఆత్రం. మనిషి సంగతి వేరని మేడం చెప్పిన మాట ఆ ఆత్రంలో తనే మరిచిపోయి సరేనంది. వేళ్ళు ఎలా ఉంటాయే అని అమ్మమ్మ అడిగితే, దారాల్లా లేతగా ఉంటాయి, ముట్టుకుంటే విరుగుతాయి అని చెప్పింది.

మర్నాడు అమ్మమ్మ స్టీలు సీసా నిండా కషాయం పోసి నా చేతికిచ్చింది. అయిదు ఉల్లిపాయలకి నీళ్ళు, అయిదింటికి అమ్మమ్మ కషాయం. పిన్నితో ల్యాబ్‌కి వెళ్ళి చీటీలు అంటించింది నేనే. కషాయాన్ని వడపోత కాగితంలోంచి దింపితే రంగు తేలిపోయింది. వడకడితే తేలుతుందిలే అనుకున్నాను. రెండు సాయంత్రాలూ అమ్మమ్మ నా మనవలెలా ఉన్నారే అని ఉల్లిపాయల గురించి అడిగింది.

మూడో రోజు పిన్ని కొలిచింది, లెక్కపెట్టింది. నేను చీటీలు విప్పాను. రెండు వరసలూ దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. పిన్ని మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది. ఆమె మొహంలో ఓడిపోయిన బాధ లేదు, లెక్క అర్థంకాని తికమక ఉంది. ఇంట్లో ఒక్క అబద్ధం చెబితే పోతుంది కదా అన్నాను. అబద్ధం చెప్పేదాన్నయితే లెక్కెందుకంది. నాకు ఒళ్ళు మండింది, భయం కూడా వేసింది.

ఇంటికి రాగానే ఉన్నదున్నట్టు చెప్పేసింది. అమ్మమ్మ మొహం వెలిగిపోయింది. వెంటనే కషాయం గ్లాసులో పోసి అక్క ముందుకు తెచ్చింది. అక్క చెయ్యి చాపలేక, వద్దనలేక పిన్ని వైపు చూసింది. పిన్ని గ్లాసులోకి చూసింది.

"ఇంత నల్లగా ఉందేమ్మా? ల్యాబ్‌కి వచ్చింది ఇలా లేదే."

"ఎందుకుంటుందే? దాంట్లో మూడొంతులు నీళ్ళు కలిపాను," అంది అమ్మమ్మ, దాచాల్సిన సంగతేమీ లేనట్టు. "లేత వేళ్ళన్నావుగా. ఇంత ఘాటుది లేతవాటికి ఎలా పోస్తాం, మాడిపోవూ?"

అమ్మమ్మ తనన్న మాట తనకే వినిపించినట్టు ఆగిపోయింది. ఆమె చూపు అక్క పొట్ట మీద పడింది. గ్లాసు చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

ఆ గ్లాసు తనే ఎత్తి గటగటా తాగేసింది.

"నాకేం భయం? నాలో ఇంక పెరిగేదేముంది గనక," అంది, కొంగుతో మూతి తుడుచుకుంటూ.

పిన్ని ఖాళీ గ్లాసు తీసుకుని, అడుగున మిగిలిన మడ్డిని కిటికీ వెలుతురుకి పెట్టి చూసింది.

"రేపు నీళ్ళు కలపకుండా ఇంకో సీసా ఇవ్వమ్మా."

"ఇంకా ఎందుకే? దీనికి ఇంక పొయ్యనులే."

"రోజూ తాగేది నువ్వు కదా. నాకు తెలియాలి."