కుంటి గొర్రెను దించినట్టు

అరవై ఏండ్లుగా ఈ బరువు మోస్తున్న. ఇగ మోయలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది.

రజాకార్ల కాలంలో పదిమంది పిల్లలను గొర్రెల మందలో దాచి, తుపాకుల ముందు నుంచే నైజాం సరిహద్దు దాటించానని మిర్యాలగూడ చాయ్ హోటళ్లలో చెప్పేవాణ్ణి. ఒక ఏడాది పదిమంది, ఒక ఏడాది పదిహేనుమంది. చాయ్ ఎవరు తాగిస్తున్నారన్నదాన్ని బట్టి. దాచింది ఒక్క పిల్లను. ఆ ఒక్కదాన్నీ దాటించలేదు.

పేరు నర్సి. ఆరేండ్లది. సూర్యాపేట దగ్గర మా ఊరే. తండ్రిని పట్టుకపోయారు, ఇంటిమీదికి మళ్లీ వస్తారని భయం. తల్లి పచ్చి బాలెంత, నడవలేదు. నేను మందను కోదాడ వైపు తోలుకపోతున్నానని తెలిసి, పిల్లను సరిహద్దు అవతలి శిబిరంలో ఒప్పజెప్పమన్నది. గొంగడి కప్పి మంద వెంట నడిపించిన. దారిలో ఆపినవాళ్లు గొర్రెలను చూశారు, పిల్లను చూడలేదు. అంతవరకు నిజమే.

కోదాడ పక్క అనంతగిరి దగ్గర పిల్ల కాలు వాచింది. ఎత్తుకోవచ్చు కదా? ఎత్తుకోవచ్చు. నా భుజం మీద ఆ పొద్దున పుట్టిన గొర్రెపిల్ల ఉంది. మా కాపరుల పద్ధతి ఒకటుంది: నడవలేని జీవాన్ని దారిలో ఎవరి దొడ్లోనో దించి, తిరుగుదారిలో తోలుకొస్తాం. పేర్లు అడగం. చెవి కోత చూస్తే ఎవరిదో తెలిసిపోతది. అట్లనే ఒక ఇంటి దొడ్లో నర్సిని దించిన. ఆ ఇంటామె ఏదో అనబోయింది. తిరిగొస్తానని చెప్పి మందను అదిలించిన. పిల్లకు చెవి కోత ఉండదని అప్పుడు తోచలేదా? తోచిందేమో. గుర్తులేదనడం సులువు.

తిరుగుదారిలో ఆ వైపు తుపాకుల చప్పుడు వినిపించింది. మందను వేరే తోవకు మళ్లించిన. తర్వాత ఎన్నడూ ఆ తోవ తొక్కలేదు.

ఊళ్లో తల్లి ఎదురొచ్చింది.

"ముట్టజెప్పినవా, తమ్మీ?"

"ముట్టజెప్పిన, అక్కా. నాకంటే ముందు నడిసింది నీ బిడ్డ."

"ఏడ్సిందా?"

"ఏడిస్తే గదా. ఒక పెద్దామె ఒళ్లో కూసోబెట్టుకొని పెరుగన్నం పెట్టింది. ఇగ నన్నెందుకు సూస్తది?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూశాక నా నోరు ఆగలేదు. పెద్దామెవి పచ్చగాజులని కూడా చెప్పిన.

పోలీసు చర్య అయినాక ఆమె పసివాణ్ణి చంకనేసుకొని అవతలి శిబిరాలన్నీ తిరిగింది. పచ్చగాజుల ఆమెను చూశారా అని అడిగింది. వెతకవలసిన దొడ్డి సరిహద్దుకు ఇవతలే ఉంది. నేను చెబితే చాలు. తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ కథ మళ్లీ చెప్పించుకునేది, ప్రతిసారీ నేను కొంత కలిపేవాణ్ణి. తప్పు కప్పుకోవడానికా, ఆమెను ఓదార్చడానికా? రెండూ కాదేమో. చెప్పడం నాకు బాగుండేది.

ఆమె పోయి చాలా ఏండ్లయింది. నర్సి ఉన్నదో లేదో తెలియదు. తెలుసుకోలేదు. క్షమించమని అడగవలసిన మనిషి లేదు కాబట్టి అడగను.

నర్సిని నేను అనంతగిరి దగ్గర ఒక దొడ్లో వదిలేసిన. ఏమీ కలపకుండా ఈ మాట చెప్పడం ఇదే మొదటిసారి.