తబస్సుం కంటికి సరిపడే అద్దం

ముస్తఫా పనిచేసే కళ్ళజోళ్ళ షాపు విజయవాడ వన్ టౌన్‌లో, హోల్‌సేల్ బట్టల కొట్ల వెనక సందులో ఉంది. ముందు గదిలో ఫ్రేములు పెట్టిన అద్దాల బీరువాలు, యజమాని కుర్చీ. వెనక గది ముస్తఫాది. డాక్టరు రాసిచ్చిన నంబరు ప్రకారం తెప్పించిన అద్దాలను ఫ్రేముకు తగ్గట్టు అంచులు అరగదీసి, బిగించి, మరలు సరిచూసి ఇవ్వడం అతని పని. పెళ్ళి కాకముందు నుంచీ అదే గది, అదే సాన. తోపుడు బండ్ల వాళ్ళ దగ్గర్నుంచి గోడౌన్ల యజమానుల దాకా ఆ చుట్టుపక్కల చాలామంది ముక్కు మీద ఉన్నది అతను బిగించిన జోడే.

అతని భార్య తబస్సుంకి మాత్రం కళ్ళజోడు అవసరం ఎప్పుడూ రాలేదు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించేది. చేటలో బియ్యం పోస్తే రాయి ఎక్కడుందో వేలు అక్కడికే వెళ్ళేది. ఆ వీధి ఆడవాళ్ళు ఆమె చూపును మరీ గుర్తు చేసుకునేది రంజాన్ నెలవంక రోజున. వాళ్ళ డాబా మీద నుంచి పడమటికి చూస్తే ఇంద్రకీలాద్రి అడ్డం వస్తుంది. కొండ వాలు దిగి, కృష్ణ వైపు ఆకాశం తెరుచుకునే చోట, పొద్దు కుంకాక కాసేపు మాత్రం సన్నటి చంద్రుడు కనిపించి దిగిపోతాడు. దుమ్ములో, పొగలో అది అందరికీ చిక్కేది కాదు. మసీదు మైకులో చెప్పకముందే తబస్సుం చెయ్యి చాపి "అదిగో" అనేది. ఆ తర్వాతే మిగతావాళ్ళకి కనపడేది.

పోయిన ఏడాది రంజాన్‌కి కూడా డాబాల మీద అందరూ ఆమె వైపే చూశారు. తబస్సుం చెయ్యి చాపి "అదిగో" అంది. అందరూ అటు చూశారు. ఏమీ లేదు. పక్కింటి కోడలు అఫ్సా కాసేపు వెతికి, "ఆపా, అక్కడ కాదు, ఇటు, నీళ్ళ ట్యాంకు పక్కన" అని మెల్లగా చెప్పింది. తబస్సుం నవ్వి, "అవునవును, అదే చెప్తున్నా" అంది. ఆమె చెయ్యి మాత్రం ఇంకా ఖాళీ ఆకాశం వైపే ఉంది. ముస్తఫా ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. తబస్సుంకి షుగర్ చాలాకాలంగా ఉంది. గుర్తొచ్చినప్పుడు మాత్ర వేసుకునేది. డాక్టరు చాలాసేపు పరీక్షించి, కుడి కన్ను ఎప్పుడో పోయిందనీ, ఎడమ కంట్లో మధ్య భాగం దెబ్బతిని అంచుల్లోనే కాస్త చూపు మిగిలిందనీ చెప్పాడు.

"అద్దాలేమైనా రాస్తారా సార్?" అన్నాడు ముస్తఫా. అతనికి వచ్చిన మాట అదొక్కటే.

"అద్దాలతో వచ్చేది కాదండీ ఇది. కంటి వెనకుండే తెర పాడైంది. ఉన్నది నిలబెట్టడానికి ఇంజెక్షన్లు చేద్దాం, లేజర్ పెడదాం. పోయింది తేలేం."

ఆటోలో ఇంటికి వస్తుంటే ముస్తఫా అడిగాడు. "ఎప్పట్నుంచి ఇలా? నాకెందుకు చెప్పలేదు?"

తబస్సుం కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "కళ్ళజోళ్ళ షాపాయన పెళ్ళానికి కళ్ళు కనపడవంటే నలుగురూ ఏమంటారండీ? అదే తగ్గుతుందిలే అనుకున్నా."

ఆ ఏడంతా ఆసుపత్రి చుట్టూ తిరిగారు. ఒకసారి ఇంజెక్షన్ చేయించుకుని, కంటికి కట్టుతో మంచం మీద పడుకుని, తబస్సుం అంది. "నాకేం వద్దు గానీ, వచ్చే రంజాన్‌కి ఒక్కసారి చాంద్ నా కంటితో చూస్తే చాలు." గట్టిగా అడిగినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు అంది. ముస్తఫా ఆ మాట పట్టుకున్నాడు.

చలికాలం మొదట్లో ఆన్‌లైన్‌లో ఒక చిన్న టెలిస్కోప్ తెప్పించాడు. సన్నటి తెల్ల గొట్టం, మూడు కాళ్ళ స్టాండు. కన్ను పెట్టే చోట బిగించుకోవడానికి రెండు ఐపీసులు ఇచ్చారు. ఒకదాని మీద ఇరవై అనీ, ఇంకోదాని మీద నాలుగు అనీ ఉంది. పవర్ మూడింతలు చేసే ఒక పొట్టి గొట్టం కూడా పెట్టారు. అట్టపెట్టె మీద ఐదొందల పైచిలుకు రెట్లు పెద్దదిగా చూపిస్తుందని రాసుంది. ముస్తఫాకి అది సబబుగానే తోచింది. కన్ను ఎంత బలహీనమైతే అద్దం అంత పవర్‌ఫుల్‌గా ఉండాలి. ఇన్నాళ్ళూ చేసిన పని అదే కదా. బాగా పెద్దదిగా చూపించే నాలుగో నంబరుదే బిగించాడు.

ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక ఇద్దరూ డాబా ఎక్కారు. తూర్పున నిండీ నిండని చంద్రుడు. అతను గొట్టం అటు తిప్పి, కిందామీదా పడి చంద్రుణ్ణి పట్టాడు. తర్వాత తబస్సుం భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, ముఖం ఐపీసు దగ్గరకు తెచ్చాడు. చూసే కన్నం బియ్యపు గింజంత ఉంది. ఆమె కన్ను దాన్ని వెతుక్కుంటూ అటూ ఇటూ జరిగింది. ముక్కు తగిలింది, గొట్టం కదిలింది.

"కనపడిందా?"

తబస్సుం కన్ను తీయకుండానే చెప్పింది. "ఎంత బాగుందో. వెండి పళ్ళెంలా ఉందండీ."

"చూడు, తనివి తీరా చూడు" అని అతను పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. ఆమె లేచాక తనూ ఒకసారి చూద్దామని కన్ను పెట్టాడు. లోపల కటిక చీకటి. ఆమె ముఖం తగిలినప్పుడే గొట్టం పక్కకి పోయింది. ఇంతసేపూ తబస్సుం ఆ చీకటినే చూస్తూ కూర్చుంది.

అతను స్టాండు మడిచి భుజాన వేసుకుని, రెండో చేత్తో ఆమెను పట్టుకుని కిందికి దిగాడు.

భానుశ్రీ అనే ఫిజిక్స్ లెక్చరర్ ఆ షాపుకి పాత ఖాతాదారు. సెలవు రోజుల్లో కాలేజీ పిల్లలకి టెలిస్కోప్‌లో ఆకాశం చూపిస్తుంటుందని ఆమె యజమానితో చెబుతుంటే ఎప్పుడో విన్నాడు. ఆ వారంలోనే ఆమె వదులైన ఫ్రేము బిగించుకోవడానికి వచ్చింది. ముస్తఫా జోడు సరిచేసి ఇచ్చి, వెనక గది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మేడం, టెలిస్కోప్ గురించి ఒక మాట అడగొచ్చా?"

అతను చెప్పిందంతా విని భానుశ్రీ తల ఊపింది. "నాలుగో నంబరుది పెట్టారా? మొదటిసారి కొన్నవాళ్ళందరూ దానికే వెళ్తారండీ. నేనూ అంతే. చంద్రుడు కనపడక, టెలిస్కోప్ పాడైందని వెనక్కి పంపించబోయాను."

"కంటి చూపు తక్కువైతే పవర్ ఎక్కువ కావాలి కదండీ మరి?"

"మీ అద్దాల సంగతి వేరు. దీని ముందుండే గాజు అరచేతిలో పట్టేంతే. అది తెచ్చే వెలుగూ అంతే. పవర్ పెంచితే బొమ్మ పెద్దదవుతుంది గానీ వెలుగు పెరగదు. ఉన్న పప్పులో నీళ్ళు పోసినట్టు పలచబడుతుంది. చిన్న కదలికకే చంద్రుడు జారిపోతాడు. కన్ను కూడా గాజుకి ఆనించాల్సి వస్తుంది. ఐపీసు మీద నంబరు పెద్దదయ్యేకొద్దీ పవర్ తగ్గుతుంది, కానీ బొమ్మ వెలుగ్గా ఉంటుంది, ఆకాశం ఎక్కువ కనపడుతుంది. ముందు మీ ఇరవై కన్నా పెద్ద నంబరుదొకటి కొనుక్కోండి. పవర్ కావాలనిపిస్తే తర్వాత పది నంబరుది చూసుకోవచ్చు. నాలుగునీ ఆ మూడింతల గొట్టాన్నీ పెట్టెలోనే ఉంచేయండి."

ముస్తఫా గుమ్మం దాటి ముందుకొచ్చాడు. "మా ఇంటావిడకి ఒక కంట్లోనే, అదీ అంచుల్లోనే చూపుందండీ. ఆవిడకి ఏది బాగుంటుంది?"

భానుశ్రీ స్టూలు లాక్కుని కూర్చుంది. "నేను చెప్పలేనండీ. నా దగ్గరున్నవి తెస్తాను. ఆవిడే చూసి చెప్తారు."

మాట ప్రకారం మూడు వారాల తర్వాత వాళ్ళింటికి వచ్చింది. ఆ సాయంత్రం సగం చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. భానుశ్రీ గొట్టం తిప్పి పెట్టి, స్టాండు కాళ్ళు పొట్టిగా చేసింది, తబస్సుం కుర్చీలోంచి వంగకుండా చూసేలా. మొదట పది నంబరుది పెట్టారు.

"నిజం చెప్పండమ్మా, నా దగ్గర మొహమాటపడొద్దు" అంది భానుశ్రీ.

"ఏం లేదండీ. నల్లగా ఉంది." తబస్సుం నోటి నుంచి ఆ మాట వచ్చేసరికి ముస్తఫాకి ఎందుకో ఊపిరి తేలికపడింది.

ఇరవై ఐదు పెట్టారు. ఏదో తెల్లగా వచ్చి పోతోందంది. ఆఖర్న ముప్పై రెండు పెట్టారు. దాని గాజు వెడల్పుగా ఉంది, కన్ను కాస్త దూరంగా ఉన్నా చాలు. తబస్సుం ముఖం కొంచెం పక్కకి తిప్పింది, ఎడమ కంటి మూల నుంచి చూస్తున్నట్టు. డాబా కింద ఆటోల హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఏమండీ" అంది చివరికి, "చంద్రుడి వెలుగు సగం కొండ వైపు కదా ఉండాలి. ఇందులో ఇటు తిరిగిందేంటి?"

భానుశ్రీ ముస్తఫా వైపు చూసింది. "లోపలున్న అద్దం వల్ల కుడి ఎడమలు మారతాయమ్మా. మీకు బాగానే కనపడుతోంది."

తబస్సుం కన్ను తీయలేదు. సగానికి కోసిన చోట అంచు తిన్నగా లేదనీ, ఎలుక కొరికిన రొట్టెలా ఉందనీ చెప్పింది. చెంప మీద నీళ్ళు జారుతున్నా తుడుచుకోలేదు, తుడిస్తే కన్ను కదులుతుందని. ముస్తఫా మాత్రం చంద్రుణ్ణి చూడలేదు.

ముప్పై రెండు నంబరు ఐపీసు అలాంటిదే అతనూ తెప్పించాడు. తర్వాతి నెల చంద్రుణ్ణి కూడా ఆమె దాంట్లోనే చూసింది. కన్ను ఎక్కడ పెట్టాలో, ముఖం ఎంత తిప్పాలో ఆమెకి అలవాటైపోయింది. రంజాన్‌కి ఇక ఎన్నో రోజులు లేవు.

ఒక ఉదయం వంటింట్లో టీ కాస్తూ తబస్సుం పిలిచింది. "ఏమండీ, బయటేమన్నా పొగ వేశారా?"

కిటికీ అవతల ఎండ తళతళలాడుతోంది. ముస్తఫా స్టవ్ ఆర్పేసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎడమ కంట్లో రక్తం కారిందన్నారు ఆసుపత్రిలో. ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు డాక్టరు టార్చి వేసి, "వెలుగు తెలుస్తోందామ్మా?" అని అడిగాడు. ఆమె చాలాసేపు ప్రయత్నించి తల అడ్డంగా ఊపింది. ఈసారి దాచిపెట్టడానికి ఏమీ మిగల్లేదు.

రంజాన్ నెలవంక సాయంత్రం ఆమె పైకి రానంది. ముస్తఫా బలవంతం చేయలేదు, తనూ కిందే కూర్చున్నాడు. అఫ్సా వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఆపా, అందరం పైనున్నాం. దుమ్ములో ఏమీ కనపడట్లేదు. ఆ గొట్టం తెచ్చి పెడితే చూస్తాం" అంది. తబస్సుం కాసేపు ఆలోచించి, "పెట్టండి, వాళ్ళని చూడనివ్వండి" అంది భర్తతో. తర్వాత తనే లేచి, మెట్ల గోడ పట్టుకుని వెనకాలే ఎక్కింది.

సూర్యుడు పూర్తిగా దిగేదాకా ఆగి, ముస్తఫా కొండ వాలు పక్కన మెల్లగా వెతికాడు. చంద్రుడు దొరికాడు, దుమ్ములో ఎర్రబారి, వెంట్రుకంత సన్నగా. ఆడవాళ్ళు వరస కట్టారు. తబస్సుం కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని ఒక్కొక్కరికీ చెప్పింది. "గొట్టం ముట్టుకోకు. కన్ను ఆనించొద్దు, కాస్త ఎడంగా పెట్టు. కనపడకపోతే కనపడలేదనే చెప్పు, పర్లేదు." చూసినవాళ్ళు చేతులెత్తి దువా చేసుకున్నారు. అందరూ అయిపోయాక ముస్తఫా ఆమె భుజాలు పట్టుకుని చంద్రుడున్న వైపు తిప్పాడు. ఆమె చేతులెత్తింది. పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. నేర్చుకున్న దువా మొత్తం అయ్యేలోపే చంద్రుడు దిగిపోయాడు. అతను ఆ సంగతి చెప్పలేదు, ఆమె చేతులు దించేదాకా ఆగాడు.

ఇప్పుడు షాపులో ఎవరికైనా షుగర్ ఉందని తెలిస్తే ముస్తఫా వెనక గదిలోంచి లేచి వస్తాడు. "అద్దాలు తర్వాత తీసుకుందురుగాని, ముందు కంటి వెనక తెర పరీక్ష చేయించుకోండి" అంటాడు. కొందరు వింటారు. కొందరు విసుక్కుని పక్క షాపుకి పోతారు. యజమాని ఒకటి రెండు సార్లు గొణిగి ఊరుకున్నాడు.

ఆ రంజాన్‌లోనే ఒక రోజు అతను ఇఫ్తార్ వేళకి ఇంటికి వచ్చేసరికి ఇల్లంతా చీకటిగా ఉంది. కరెంటు పోయిందనుకున్నాడు. పక్కిళ్ళలో లైట్లు వెలుగుతున్నాయి. లోపల తబస్సుం పీట మీద కూర్చుని, వేళ్ళతో తడుముకుంటూ బొప్పాయి ముక్కలు కోస్తోంది. చెప్పుల చప్పుడు విని, "వచ్చారా? టైమైందా?" అంది.

"ఇంకా కాలేదు" అన్నాడు ముస్తఫా. స్విచ్ వేసి, చేతులు కడుక్కుని వచ్చి, ఆమె ఎదురుగా కూర్చుని కోసిన ముక్కలు పళ్ళెంలోకి సర్దడం మొదలుపెట్టాడు.