అందరికీ అందిన హెచ్చరిక

ఆఫీసులో నా డెస్కు మీద ఎప్పుడూ పుస్తకాల దొంతర ఉంటుంది. నేను సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్‌ని. ఎవరైనా కోడ్ రాయకముందే ఏది ఎక్కడుండాలో గీసిచ్చేవాణ్ణి. ఆ పని నేర్పే లావుపాటి పుస్తకాలవి. "ఫోన్నడిగితే అన్నీ సెప్తాది కదా బావా, ఈ ఇటుకలెందుకు?" అంటాడు పక్కసీటతను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నన్ను చూసే పుట్టిందంటాడు కూడా. నాకు ఒళ్ళు మండుతుంది.

సముద్రంలో చేపల వేటకెళ్ళిన బోట్లలోవాళ్ళ ఫోన్లకి తుపాను హెచ్చరిక మెసేజీలు పంపే పద్ధతిని గీసింది నేనే. అక్టోబరులో ఓ ఉదయం మొదటిసారి నిజమైన హెచ్చరిక వెళ్ళింది. సాయంత్రంలోగా అందరూ ఒడ్డుకి చేరాలి. పది నిమిషాల్లో తెరంతా పచ్చబడింది, ఒక్కటి కూడా మిగలకుండా అన్ని బోట్లకీ అందినట్టు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కిందటి వారం చదివిన పేజీ గుర్తొచ్చింది. ఎక్కడా ఒక్క తప్పూ కనిపించకపోతే ముందు నువ్వు గీసినదాన్నే అనుమానించమని అందులో ఉంది. సిగ్నలే లేనంత దూరంలో ఉన్న బోట్లకి మెసేజీ ఎలా అందింది?

ఆటో ఎక్కి ఫిషింగ్ హార్బరుకి పరిగెత్తాను. జెట్టీ మీద చేపలు ఏరుతున్న ఒకామెను, మీవాళ్ళ ఫోన్లు ఎక్కడుంటాయని అడిగాను. ఆమె బొడ్లోంచి సంచి తీసి మూడు ఫోన్లు చూపించింది. భర్తది, కొడుకుది, మరిదిది. ముగ్గురూ ఒకే బోటులో ఉన్నారు. తడిసి పాడవుతాయని ఆడవాళ్ళకిచ్చి వెళ్తారట. ఇక్కడ చాలామందిది అదే అలవాటట. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తెలియదు.

తుపాను వస్తోందని, ఆ హెచ్చరిక ఈ ఫోన్లకే వచ్చిందని చెప్పాను. ఆమె నాకంటే ముందు బోటు యజమానుల సంఘం గదికి పరిగెత్తింది. అక్కడి వైర్‌లెస్‌లో ఒక్కో బోటునీ పిలిచారు. ఒక్కోటీ పలికింది, ఆమెవాళ్ళది తప్ప. బయట గాలి లేస్తోంది. ఆమె మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. చాలాసేపటికి గరగరల మధ్య ఆమె భర్త గొంతు వినిపించింది, వెనక్కి తిరిగామని.

ఆమె గోడవార కూలబడి ఏడ్చింది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. అంతటితో ఊరుకోవచ్చు కదా! మెసేజీ పొద్దున్నే వచ్చిందిగా, అప్పుడే ఈ గదికొచ్చి చెప్పాల్సిందని నోరు జారాను.

ఆమె కళ్ళు తుడుచుకుని భర్త ఫోను నా చేతిలో పెట్టింది.

"అందులో ఏటి రాసున్నాదో నాకేటి తెలుస్తాది బాబూ? నాకు సదువు రాదు."