అక్క మెదడు పక్కన నా మెదడు

తోడబుట్టిన అక్కా నేనూ ఒకే ఇంటికి కోడళ్లం. ఆమెను పెద్దకొడుక్కు, నన్ను చిన్నకొడుక్కు ఇచ్చారు. హన్మకొండలో మా స్టీలు సామాన్ల దుకాణంలో గల్లా మీద కూర్చునేది అక్క. గిన్నెలు తుడిచి పేర్చేది నేను.

నిరుడు అక్కకు బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. కుడిచెయ్యి తొందరగానే తేరుకుంది గానీ మాట పడిపోయింది. కొన్ని నెలలకు ఒక్కో ముక్కా తిరిగొచ్చింది. చెంచాను తాళం అనేది. ఇట్లా మాట తిరిగొస్తున్నవాళ్ల మెదడును హైదరాబాద్‌లో స్కాన్ తీసి పరిశోధన చేస్తున్నారని మా డాక్టర్ చెప్పాడు. పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువు కూడా కావాలట. నేను వెంటనే ఒప్పుకున్నాను. అక్కతోపాటు నన్నూ కావాలని అడగడం నాకు కొత్త.

కారులో పోయాం. రఘునాథపల్లి దగ్గర ఆగితే బావ అక్కకు చాయ్ ఊది ఊది తాగించాడు. మా ఆయన నాకు ఎన్నడూ అట్లా ఊదివ్వలేదు.

పుస్తెలతాడు, మెట్టెలు తీయించి నన్ను మిషన్‌లో పడుకోబెట్టారు. ఒకటే దడదడ మోత. తెర మీద వచ్చే బొమ్మల పేర్లు మనసులో అనుకోవాలి. ఒక్కటీ తప్పలేదు.

తర్వాత డాక్టరమ్మ కంప్యూటర్‌లో అక్క మెదడు చూపించింది. ఎడమవైపు దెబ్బతిన్నచోట నల్లగా ఉంది. దాని చుట్టుపక్కల భాగం ఇప్పుడు మాట పని నేర్చుకుంటోందని చెప్పింది. చదువుకునే డాక్టర్లు వంగి వంగి చూశారు. బావ కళ్లు తుడుచుకున్నాడు.

"నాది చూపియ్యరా మేడం?" అన్నాను.

"మీది నార్మల్‌గానే ఉంటుందమ్మా. పూర్తిగా చూసి ఫోన్ చేస్తాం."

నార్మల్ అన్న మాట ఇంటికొచ్చే దారంతా గుచ్చుతూనే ఉంది. చావు తప్పించుకొచ్చిన మనిషి మీద కుళ్లేమిటని నన్ను నేను తిట్టుకున్నా, అది పోలేదు.

కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది. నా మెదడులోనూ చిన్న మచ్చ ఉందట. ఎప్పుడో నాకే తెలియకుండా వచ్చిపోయిన స్ట్రోక్ గుర్తట. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సంతోషమే.

"అయితే మళ్లా ఎప్పుడు రావాలె?"

"మీరు రానక్కర్లేదమ్మా. పోల్చడానికి మచ్చలేని మెదడు కావాలి. అక్కడే బీపీ చూపించుకుని మందులు వాడండి."

మా ఆయన గోలీలు తెచ్చిచ్చాడు. "పాతదే గదా, ఫికర్ చెయ్యకు" అని దుకాణానికి పోయాడు. ఇంట్లో ఇంకెవరూ ఆ ఊసెత్తలేదు.

తర్వాతి స్కాన్‌కు అక్కా బావా ఇద్దరే పోయారు. ఆ రోజంతా నాకు పని మీద ధ్యాసలేదు. ఈపాటికి అందరూ అక్క మెదడు చుట్టూ మూగి ఉంటారని ఒకటే ఊహ.

సాయంత్రం అక్క వచ్చి నా పక్కన కూలబడింది. మాట కోసం చాలాసేపు వెతుక్కుంది.

"నువ్వు... లెవ్వు. బుగులైంది."

"మిషన్ల భయపడి ఏడ్చింది. సగంలనే ఆపిన్రు. మళ్లొకసారి రమ్మన్నరు" అన్నాడు బావ.

అక్క చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. పాపం అనిపించింది, ఆ పాపం కింద నా కడుపూ చల్లబడింది. ఆ సంగతి ఎవరికీ తెలియనియ్యకుండా అన్నం కలిపి ఆమెకు తినిపించాను. వచ్చే వారం నేనూ తోడు పోతున్నాను, స్కాన్ గది బయట బెంచీ దాకా.