తాత వల మీద పాకిన గులాబీ

పెందుర్తిలో కొత్తగా కట్టుకున్న ఇంటి ముందు గులాబీలు వేయాలని మా అమ్మాయి మొన్న ఆదివారం నన్ను కూడా నర్సరీకి తీసుకువెళ్లింది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఏది ఎంత ఎత్తు పెరుగుతుంది, ఏది ఏడాది పొడుగునా పూస్తుంది, ఏ రంగు గోడకు నప్పుతుంది అని చదువుకుంటూ వెళ్లి, చివరకు తీగ రకమా పొద రకమా అన్న దగ్గర ఆగి నా వంక చూసింది. అన్నీ తెలిసినదానిలా తల ఊపానే గాని నా మనసు అక్కడ లేదు. సరిగ్గా ఇదే సంగతి మీద, నేను పరికిణీలు కట్టే రోజుల్లో, మా ఇంట్లో ఒక వానాకాలం గడిచిపోయింది.

మాది సముద్రం మీద బతికిన కుటుంబం. మా నాన్న మాత్రం నాలుగు అక్షరాలు నేర్చుకుని పోర్టులో ఉద్యోగం సంపాదించి, క్వార్టరు రాగానే అమ్మనూ నన్నూ ఒడ్డున ఉన్న పేట నుంచి తెచ్చుకున్నాడు. నాయనమ్మ పోయాక తాత ఒక్కడే అక్కడ మిగిలాడు. చూపు ఆనకపోయినా పడవ ఎక్కడం మానలేదు. ఒకనాడు అల కొట్టిన దెబ్బకు పడవలోంచి పడిపోతే తోటివాళ్లు జుట్టు పట్టి లాగి బతికించారు. ఆ కబురు తెలియగానే నాన్న వెళ్లి, వద్దంటున్నా వినకుండా తాతను మా దగ్గరకు తెచ్చేశాడు. తెచ్చాడు గాని, ఉంచడం ఎవరి తరం? తాత అరుగు మీద కూర్చుని గాలి ఎటు తిరిగిందో చూస్తూ, ఈ పూట వలలో ఏ చేప పడుతుందో తనలో తనే చెప్పుకునేవాడు. ఉన్నట్టుండి చెప్పాపెట్టకుండా సిటీ బస్సెక్కి పేటకు పోయేవాడు. డ్యూటీ దిగిన నాన్న అన్నమైనా తినకుండా వెతుక్కుంటూ వెళ్లేవాడు. మళ్లీ పడవ ఎక్కితే ఈసారి మనిషి దక్కడన్న భయం మా ముగ్గురికీ ఉండేది.

ఇలా ఉండగా అమ్మకు గులాబీ మొక్క మీద మనసు పడింది. పేటలో ఉన్నన్నాళ్లూ ఆమె చేతికింద ఉన్నది ఇసుకే, అందులో ఏం నాటినా ఉప్పుగాలికి మాడిపోయేది. క్వార్టరులో మెట్లకూ గేటుకూ మధ్య చాప వెడల్పున ఎర్రమట్టి నేల ఉంది, మిగతాదంతా సిమెంటు. అక్కడ ఒక్క మొక్కకే చోటు. అమ్మకు కావలసింది పన్నీరు గులాబీ, నడుము ఎత్తున గుబురుగా పెరిగి, జడలో పెట్టుకుంటే సాయంత్రం దాకా వాసన వేసేది. ఆ మాట వినగానే తాత, గేటు మీదకు పాకే తీగ గులాబీ వేద్దామన్నాడు. పాకించడానికి పందిరి కర్రలు ఎందుకు, తన వల ఉంది కదా అన్నాడు. ఆయన వచ్చిన ఇన్నాళ్లలో మా ఇంట్లో ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. అమ్మ తీగ గులాబీయే తెప్పించింది. నాకు మాత్రం మహా కోపం వచ్చింది, ఎందుకంటే అమ్మ జడలోంచి తీసిన పువ్వు నాకు వస్తుందని నేనప్పటికే లెక్క వేసుకున్నాను.

తాత పేటకు వెళ్లి పాత నూలు వల భుజాన వేసుకుని వచ్చాడు. దాన్ని గేటు నుంచి కిటికీ చువ్వల దాకా లాగి కట్టి, గాలికి లేవకుండా అడుగు అంచును మొక్క మొదట్లోనే మట్టిలో పూడ్చాడు. ఎంత చక్కగా కట్టాడంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. వానలు పడ్డాయి. మొక్క రెండు చిగుళ్లు వేసింది, తర్వాత ఆకుల అంచులు మాడడం మొదలుపెట్టాయి. తాత రోజూ వేళ్లతో ఆకులు తడిమి చూసి, నీళ్లు చాలలేదనుకుని ఆ వల మీదుగానే ఇంకో బిందె పోసేవాడు. మొక్క చచ్చిపోయింది. పక్కింటి అత్తయ్యగారు ఒకరోజు పలకరించడానికి వచ్చి, ఆ వలను చేత్తో నలిపి నాలుకకు తాకించి చూసి, ఇన్నేళ్ల ఉప్పంతా దీంట్లోనే ఉంది కదమ్మా, వేళ్లలోకి దిగిపోయింది అన్నారు. ఆవిడ మంచికే చెప్పారు. అరుగు మీద తాత విన్నాడు.

మర్నాడు పొద్దున తాత వల చుట్టి భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నాన్న డ్యూటీలో ఉన్నాడు.

“నాను ఎల్లిపోతానమ్మా. నా సేతికి మన్ను అచ్చిరాదు,” అన్నాడు.

మనిషి నిజంగా ఓడిపోతే గొంతు ఎలా ఉంటుందో నేను మొదటిసారి విన్నది అప్పుడే. ఏడుపు వచ్చేసింది నాకు. అమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. తాత భుజం మీది వల లాక్కుని, నీళ్ల తొట్టిలో పడేసి కుళాయి తిప్పింది. తడిసిన వల పట్టుకుని మనిషి బస్సెక్కలేడు కదా! ఎండిందాకా ఉండక తప్పదు. ఎండుతుందనగా మళ్లీ తడిపేది. నీళ్లు నాలుక మీద వేసుకుని చూసి, ఇంకా ఉప్పు పోలేదనేది. అలా నాన్చి నాన్చి, ఇక వలా, వానలకు నేలా కూడా చప్పబడ్డాయని తనకే తోచాక, తాతనూ నన్నూ వెంటబెట్టుకుని నర్సరీకి బయలుదేరింది.

అక్కడ నర్సరీ ఆయన, చెయ్యంత పువ్వు పూస్తుందంటూ ఒక ఎర్ర రకాన్ని ముందుకు తోశాడు. చూపు ఆనని తాతకు ఎరుపైతేనేం, తెలుపైతేనేం. ఆయన ఒక్కో మొక్క కొమ్మనూ వేళ్ల మధ్య మెల్లగా వంచి చూశాడు. ముల్లు గుచ్చుకుంటున్నా వదలకుండా, తాడు బలం చూసినట్టు చూసి, కొన్ని బిరుసుగా ఉన్నాయని, గాలి పోటుకు విరిగిపోతాయని పక్కన పెట్టేశాడు. చివరకు లేత రంగులో గుత్తులుగా పూసే ఒక తీగను, విరగకుండా వంగుతోందని చెప్పి, ఎంచుకున్నాడు. నేను అమ్మనే చూస్తున్నాను. పన్నీరు గులాబీ కుండీ ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసి, దింపేసింది.

బస్సులో నేను ఉండబట్టలేక, అది ఎందుకు కొనలేదని అమ్మ చెవిలో అడిగాను. తాత కిటికీ పక్కన మొక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“పొద గులాబీకి ఎవులూ అక్కర్లేదే, దానిపాటికది పూస్తాది. తీగకైతే కట్టే మనిషుండాల,” అంది అమ్మ.

ఆ తీగ చప్పబడిన వల మీదే పాకి బతికింది. పెరిగిన కొద్దీ పాత ముడి వదులు చేసి కొత్త ముడి వేయడం, సముద్రం మీద గాలి లేస్తుందని తోచిన రోజు కొమ్మలన్నీ దగ్గరకు చేర్చి కట్టడం, తగ్గాక మళ్లీ విప్పడం తాత పని. అందులో ఎవరినీ వేలు పెట్టనిచ్చేవాడు కాదు. పేటకు వెళ్లినా, తీగ విప్పాలంటూ చీకటి పడకముందే తనంతట తనే తిరిగి వచ్చేసేవాడు. నాన్న డ్యూటీ దిగి అన్నం తినడం మొదలుపెట్టాడు. తాత ఆ ఇంట్లోనే, మా మధ్యనే, పండి రాలిపోయాడు. అమ్మ మాత్రం, మధ్యాహ్నానికే రెక్కలు రాలిపోయే ఆ వాసన లేని పూలనే జడలో పెట్టుకుంది. నాకు పెళ్లయి పోయేదాకా పన్నీరు గులాబీ మాట మళ్లీ ఎత్తలేదు.

మన తరం వాళ్లకు ఇదంతా పెద్ద విశేషంగా తోచకపోవచ్చు. అప్పట్లో ఇళ్లు ఇరుకు, సౌకర్యాలు తక్కువ, అందుకేనేమో ముసలివాళ్లకు ఇంట్లో ఏదో ఒక పని ఉండేది. ఇప్పుడు మా అమ్మాయి కొత్త ఇంట్లో నాకు విడిగా గది ఉంది, మెత్తటి కుర్చీ ఉంది. మా వాళ్లు బంగారం లాంటి వాళ్లు, ఒట్టు. వంటింట్లోకి వెళితే మీరు కూర్చోండి అంటారు, బట్టలు మడత పెడుతుంటే చేతిలోంచి తీసుకుంటారు, ఏం కావాలో చెప్పమని రోజూ అడుగుతారు. ఏం కావాలో నాకు తెలుసు గాని, అది అడిగి పుచ్చుకునేది కాదు. నేను చెయ్యకపోతే ఆగిపోయే పని ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.