ఎవరికీ చెప్పని చోటు

ఆమెను వీధిలో అందరూ భూతద్దం అనే పిలుస్తారు. కంటికి ఆ గాజు తగిలించుకోకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. పదకొండేళ్లు ఫోన్ల ఫ్యాక్టరీలో బోర్డుల మీద టంకం వేసి, ఇప్పుడు ఇరుకు కొట్టులో ఫోన్లు బాగుచేస్తోంది. వచ్చినవాళ్లకి అడగకపోయినా ఒక పాఠం చెప్పేది: ఫలానా యాప్ పెట్టుకుంటే మీ మాటలు తాళం పడి వెళ్తాయి, మధ్యలో ఎవడు పట్టుకున్నా గింజుకోవడమే తప్ప చదవలేడు. ఆ యాప్ అంటే ఆమెకి గర్వం కొంచెం ఎక్కువే, దాన్ని దాచుకునేదీ కాదు.

ఆమె అక్కది బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని. పని జోరుగా సాగాలని అక్కడ మిషన్లకి సూది ముందుండే అడ్డుపట్టీలు పీకేశారు. ఆర్నెల్లలో ఐదుగురి వేళ్లలో సూదులు దిగాయి. లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాలని ఇరవై ముగ్గురు ఆడవాళ్లు కూడబలుక్కున్నారు. అందరి ఫోన్లలోనూ భూతద్దమే ఆ యాప్ ఎక్కించింది. అయినా ఎక్కడ కలుద్దామనుకున్నా, వీళ్లకంటే ముందే సూపర్‌వైజరు అక్కడ పళ్లికిలిస్తూ కూర్చునేవాడు. ఇద్దరికి ఉద్యోగాలు ఊడాయి.

అనుమానం అక్క మీద పడింది. ప్రతిసారీ చోటు ఎంచింది అక్కే మరి. ఉప్పందించేది నువ్వేనని బొత్తాలు కుట్టే ఆవిడ అందరి ముందే అనేసింది. అక్క ఆ రోజు అన్నం ముట్టలేదు. భూతద్దానికి ఒళ్లు మండిపోయింది. యాప్‌ను కిందా మీదా పడి పరీక్షించింది, వంక పెట్టడానికేం దొరకలేదు. అప్పుడు గుర్తొచ్చింది, అక్క చేతిలోది పదేళ్ల సర్వీసుకి కంపెనీ బహుమతిగా ఇచ్చిన ఫోనని.

బోర్డులతో అన్నేళ్లు గడిపిన మనిషికి ఈ సంగతి ముందే తట్టొద్దూ? ఏ ముక్క ఎందుకు అతికిస్తున్నారో ఆ ఫోన్ల ఫ్యాక్టరీలో ఎవరూ చెప్పేవారు కాదు, అతికించమనేవారు, అంతే. ఇప్పుడు తన గర్వమే తన కళ్లకి అడ్డుపడిందని తిట్టుకుంటూ, భూతద్దం ఆ ఫోను తీసుకెళ్లి బొత్తాల ఆవిడ చేతిలో పెట్టింది.

"వదినా, మా అక్కని నమ్మొద్దు. నన్నూ నమ్మొద్దు. నీకు తోచిన చోటు ఏదో ఒకటి అనుకో. ఎవరికీ చెప్పకు, దీంట్లో ఏదీ నొక్కకు. పక్కన పెట్టుకుని పైకి అను, చాలు."

ఆవిడ మూతి తిప్పుకుంటూనే తీసుకుంది. వంటింటి తలుపేసుకుని, రేపు సాయంత్రం ఐదింటికి పాత ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర కలుద్దామని గిన్నెలకి చెప్పినట్టు చెప్పింది. మర్నాడు ఎదురుగా ఉన్న మందుల షాపులో నిలబడి చూసింది. ఐదవుతుండగా సూపర్‌వైజరు స్కూటరు మీద వచ్చి ఆ గేటు ముందే దిగాడు.

ఆదివారం అందరూ అక్క ఇంట్లో చేరారు. ఫోన్లన్నీ పక్కింట్లో పెట్టించారు. బొత్తాల ఆవిడ తలెత్తలేక అక్క చెయ్యి పట్టుకుంది. భూతద్దం తన తప్పు ఒప్పుకుంది.

"నేను దారికి తాళం వేశాను. ఫోనే చెవి పెట్టి వింటుంటే, మాటకి తాళం పడకముందే పోతుంది. దాన్ని ఏ యాపూ ఆపలేదు."

అయితే తీసేద్దామా అని ఎవరో అడిగారు. దారిలో కాపు కాసేవాళ్లకి అదింకా అడ్డేనని, ఉంచమంది. అసలు మాటలు మాత్రం ఇలా ఎదురెదురుగానే మాట్లాడుకోవాలంది. అప్పుడు భూతద్దం అక్క ఫోను ఒక్కటే తెప్పించి, విప్పడానికి స్క్రూడ్రైవరు తీసింది.

అక్క ఆమె చెయ్యి ఆపి, ఫోను బల్ల మధ్యలో పెట్టింది.

"సారూ, రేపు పదింటికి లేబర్ ఆఫీసుకి వెళ్తున్నాం. ఈసారి చోటు నిజమే. పొంచి ఉండక్కర్లేదు, ఎదురుగానే రండి."

ఆ వెంటే తన పేరు, మిషను నంబరు చెప్పింది.

పని పోవచ్చని ఆ గదిలో తెలియనివాళ్లు లేరు. బొత్తాల ఆవిడ ముందుకు వంగి తన పేరూ నంబరూ చెప్పింది. తర్వాత ఆమె పక్కావిడ. ఉద్యోగాలు ఊడిన ఇద్దరూ అందరికంటే గట్టిగా చెప్పారు. ఇరవై మూడు పేర్లూ అయ్యాకే భూతద్దం స్క్రూడ్రైవరు తిప్పింది.